బాపు వద్దన్న పెద్ద చక్రాలు

బాపూ,

చెన్నూరుల పెద్దవ్వ ఇంటికాడున్న అవ్వను తోల్కరానికి పోతున్న. కూర పొయ్యి మీదనే ఉన్నది, వెచ్చవెట్టుకో. పాత చక్రాలు మెట్లకింద వెట్టిన, ఎవ్వలకు ఇయ్యకు. కొత్తయాటి నట్లు రేపు ఇంకోసారి బిగియ్యాలెనట, పానా తీసి ఉంచు.

ఎవలో ఆఫీసరు వాడి అమ్మిన పాత కారుకు గంత పెద్ద అల్లాయ్ చక్రాలెందుకు, సోకులకా అన్నవ్. స్టీరింగ్ తిప్పితే మడ్‌గార్డుకు రాసుకుంటయని కరీంనగర్ల టైర్ల షాపాయనకు ఫోన్ జేసి మరీ చెప్పినవట. చక్రాలు ఏసినంక డిక్కీల రెండు బియ్యం బస్తాలేసి, ఆయన ముందటనే స్టీరింగ్ రెండు దిక్కుల పూరాగ తిప్పిన. యాడ రాసుకోలే. కారు బొటనవేలు మందం పైకి లేసింది. పొద్దుగాల గవే బస్తాలతోని మన గేటుకాడి ర్యాంపు ఎక్కిచ్చిన, కారు అడుగు నేలకు తాకలే. నువ్వు నైట్ డ్యూటీ చేసొచ్చి పండుకున్నవ్, లేపబుద్ధి కాలే.

కారు కొన్నప్పటిసంది, బరువుకు అడుగు గీసుకుంటదని గేటుకాడ దిగి నడిచేది అవ్వనే, గా మోకాళ్ల నొప్పులతోని. ఇయ్యాల కూసునే లోపలికొస్తది. ఐదింటికి హారన్ కొడుత, గేటు తియ్యి.

వనిత

మర్చిపోయిన. అలవాటు కొద్ది అవ్వ డోర్ తీస్తది. కన్నబిడ్డనైనా నేను చెప్తే ఇనదు. "దిగకు, సోకుగ కూసో" అని నువ్వే చెప్పాలె.