రేకు పైన యాంటెనా

చిరంజీవి అల్లుడు నర్సింలుకు సోలాపూర్ నుండి మామ దీవెనలు.

మా తమ్ముడు అంబాదాస్ సముద్రంలో పడవతో పాటు మునిగి ఏడాదయింది. “యాంటెనా రేకు కింద పెట్టిన్రన్నా, మిషన్ దారి చూపిస్తలేదు” అని ఆఖరి ఫోన్‌లో అన్నాడు.

వాడి కొడుకు దత్తు అదే యజమాని కొత్త పడవ మీద పనికి వస్తున్నాడు. దానికి దారి చూపే మిషన్ బిగించేది నువ్వేనట. ఉపగ్రహాలను అందుకునే యాంటెనాను పడవ గది కప్పు రేకు పైన, ఆకాశం కనిపించే చోట పెట్టు. ఆ లెక్కలో తప్పు సరిదిద్దేందుకు ఒడ్డు నుండి వచ్చే రేడియో సంకేతాన్ని పట్టే రెండో యాంటెనాను ఇంజన్‌కు దూరంగా కట్టు. ఇంట్లో మగ్గం మోటారు నడిస్తే రేడియో గరగరమంటుందని తమ్ముడు రేడియోను వాకిట్లో పెట్టేవాడు; ఇంజన్ దగ్గర కూడా అంతే. యజమాని చౌకది చాలంటే ఒప్పుకోకు.

“పోయొస్త పెదనాయినా” అని దత్తు చెప్పినప్పుడు నేను మగ్గం ఆపలేదు. ఆపితే పోవద్దనేవాణ్ణి.