మోతీ వాకిలి దాటడం లేదు

ఎల్లారెడ్డి,
8 అక్టోబరు 1939, ఆదివారం.

కామారెడ్డి దవాఖానలో ఉన్న మా రూతు బాపు అబ్రాహాము గారికి సాలవ్వ వందనాలు చేసి రాయునది. దేవుని దయవల్ల నేను, పిల్ల ఇక్కడ క్షేమం. మీ కాలు సంగతి తెలిస్తే తప్ప మా క్షేమం పూర్తి కాదు. కాబట్టి ఈసారి బాగానే ఉందని ఒక్క ముక్క రాసి ఊరుకోకండి. జ్వరం తగ్గిందా, పట్టీ ఎప్పుడు విప్పుతారు, అన్నీ రాయండి.

మీరు అడిగిన సంగతి ముందు చెప్తాను. మోతీ ఇంకా ఒంటరిగా బయటికి పోవడం లేదు.

దొర మొన్న గడికి పిలిపించాడు. దసరానాడు చిన్న దొర మోతీనెక్కి జమ్మికి పోతడు, గుర్రం ముందుండాలె, జనం ఎన్క రావాలె, గప్పటికి గది దారికి రాకపోతే అమ్మేస్త, పనికి వేరేటోన్ని తెచ్చుకుంట, మీరు ఇల్లు ఖాళీ చెయ్యిండ్రి అన్నాడు. ఇంక పధ్నాలుగు రోజులు. మీరు మంచం దిగడానికి నెలన్నర. ఇరవై ఏండ్లు ఆయన గుర్రాలను కడిగిన మనిషి మీరని, ఆయన బండి బోర్లపడితేనే మీ కాలు విరిగిందని నోటిదాకా వచ్చింది. మింగేసి, సరే దొరా అని వచ్చాను.

మీరు రాసినట్టే చేశాను. ఉలవల గంప వాకిలి బయట పెట్టాను. మీ మోతీ వెనక కాళ్లు లోపలే ఉంచి, మెడ బారెడు సాచి, గింజ మిగలకుండా తిని మళ్లీ కొట్టంలోకి పోయాడు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని ఊరికే అన్నారా! మరునాడు గంప ఇంకా దూరం పెట్టాను. ఆ పూట తినడమే మానేశాడు.

పక్కింటి హన్మవ్వ ఒక ఉపాయం చెప్పింది. వాడు ముందుకు రాడు గదనే, ఎన్కకు నడిపియ్యి, పోతున్నననే తెల్వకుంట పోతడు అంది. బీడీలు చుట్టే మనిషికి గుర్రాల సంగతి ఏం తెలుసని నవ్వాను గానీ, నిజంగానే వెనక్కి వెనక్కి నడుస్తూ వాకిలి దాటాడు! రూతు చప్పట్లు కొట్టింది. చింతచెట్టు దాకా ఇరవై అడుగులు వేశాడు. అక్కడ తల ఎత్తి కొట్టం వైపు చూశాడు. అంతే, నన్ను ఈడ్చుకుంటూ వెనక్కి వచ్చాడు. నా అరచేతుల్లో తోలు లేచింది. వెన్న రాసుకున్నాను, భయం లేదు.

గడి జవాను లింగయ్య వచ్చి, ఆడోళ్ల తోని అయ్యే పనేనా అని కొరడా తీశాడు. వద్దన్నాను. నా మాట ఎవరు వింటారు? నాలుగు దెబ్బలు పడ్డాయి. మోతీ తన్నలేదు, కరవలేదు, గోడకు ఒరిగి నిలబడి వణికాడు. దెబ్బ తిన్న గుర్రం నిన్ను నమ్మదని మీరెప్పుడూ అనేవారు. ఆ రాత్రి నా చేతి బెల్లం కూడా ముట్టలేదు. నాకు ఏడుపు ఆగలేదు.

వాడి తల్లి లచ్చిని ముందు నడిపించు, నాలుగు రోజులకు పక్కన నడిపించు, తర్వాత వెనక ఉంచు, చివరికి లచ్చిని వాకిట్లోనే కట్టేసి బిడ్డను ఒక్కణ్ణే పంపు అని మూడు ఉత్తరాల్లోనూ రాశారు. పద్ధతి మంచిదే. కానీ లచ్చి ఇప్పుడు నడిచే స్థితిలో లేదు. ముసలిదైంది కదా. మీరు దిగులు పడకండి. అది కొట్టం దగ్గరే ఉంది, ఎక్కడికీ పోలేదు. దానికి ఏ లోటూ చేయలేదు.

నాకు తోచినవన్నీ అయిపోయాయి. ఇంకేదైనా ఉపాయం ఉంటే వెంటనే రాయండి. లచ్చి లేకుండా చేసే ఉపాయం రాయండి. రూతు మీకు ముద్దులు పంపుతోంది.

ఇట్లు,
మీ సాలవ్వ.

తా.క. ఉత్తరం మడిచి, మళ్లీ విప్పాను. మీకు జ్వరం ఉన్నన్ని రోజులు చెడు కబురు చెప్పొద్దని దవాఖాన కాంపౌండరు అన్నందుకు దాచాను. ఇక నా వల్ల కాదు. లచ్చి పోయిన నెల ఇరవయ్యో తారీఖున చచ్చిపోయింది. మోతీ పక్కనే నిలబడి ఉన్నాడు. ఊరవతలికి ఈడ్పించి తోలు తీయిస్తామన్నారు. మీరు మీ చేతులతో పెంచిన జీవి. మీరు తిరిగి వచ్చి అడిగితే ఏం చూపించను? దొర కాళ్లు పట్టుకున్నాను. కొట్టం వెనకే గుంత తీయించి, ఉప్పు పోసి, నా పెళ్లి చీర కప్పి పూడ్పించాను. మంచి చేశాననుకున్నాను. తల్లి వాసన ఇక్కడ ఉండగా బిడ్డ ఎక్కడికి పోతాడని అప్పుడు తట్టలేదు. ఇప్పుడు చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాను. చింతచెట్టు దగ్గర నుంచి వాడు పరుగెత్తి వచ్చేది కొట్టంలోకి కాదు, ఆ మట్టి మీదికి. అక్కడ ముక్కు ఆనించి నిలబడతాడు. నిన్న మళ్లీ నడిపిస్తే చింతచెట్టు దగ్గర వాడు నన్ను ఈడ్వలేదు. అటు చూసి ఒక్కసారి సకిలించాడు, నేనే కళ్లెం వదిలేశాను. దొరకు మాత్రం గుర్రం మొండికేసిందని చెప్పాను. లచ్చిని ముందు పెట్టమని మళ్లీ రాయకండి.