కిలోన్నర దాటొద్దు

అక్టోబర్ 8, బుధవారం. ఉదయం 6:10

కొత్త డైరీ. కొత్త పెన్ను. కొత్త నేను!

యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కంప్యూటర్స్ సీటు వచ్చింది. 27 నుంచి క్లాసులు. జమ్మికుంట నుంచి కరీంనగర్‌కు రోజూ బస్సులో పోయి రావాలి, అదీ ఎక్కువ రోజులు నిలబడే. కాబట్టి లాప్‌టాప్ తేలిగ్గా ఉండాలి.

ఇరవై రెండేళ్లుగా నా వస్తువులన్నీ బాపే ఎంచాడు. సైకిల్ రెండు సైజులు పెద్దది తెచ్చి "పెరుగుతవ్ తీ" అన్నాడు. నేను పెరగలేదు. కళ్లద్దాల ఫ్రేమూ ఆయన ఇష్టమే. అది పెట్టుకుంటే రిటైరైన పంతులమ్మలా ఉంటాను. లాప్‌టాప్ మాత్రం నేనే ఎంచుకుంటానని నిన్న అన్నం దగ్గర ప్రకటించాను.

"సరే బిడ్డా, నేను నోరు తెరువ," అన్నాడు బాపు. "గని ఇరవయ్యారు తారీకు ఐతారం దాకనే. గప్పటికి తేల్చకపోతె నేనే తెస్త."

బాపు తెస్తే రెండు సైజులు పెద్దదే వస్తుంది. ఆ గండం తప్పాలి.

శపథం:
1. బరువు కిలోన్నర దాటొద్దు.
2. చదువుకే. గేములు ఆదివారం ఒక్క గంట.
3. ఎవరినీ సలహా అడగను.

అక్టోబర్ 10, శుక్రవారం. సాయంత్రం 5:30

పద్నాలుగు రివ్యూలు చూశాను! పదకొండు గడుల పట్టిక గీశాను. ఆరు లాప్‌టాప్‌లు మిగిలాయి.

కిలోన్నర అంటే భుజానికి ఎంతో తెలియాలి కదా. కాలేజీ బ్యాగులో కిలో కందిపప్పు, అరకిలో చక్కెర వేసుకుని బస్టాండు దాకా నడిచి వచ్చాను.

"పప్పు ఎటు తీస్కవోతున్నవే?" అంది అవ్వ. (అమ్మను అవ్వ అనే పిలుస్తాను.)

"ప్రాక్టీసుకే అవ్వా."

దూదిలా ఉంది! రేపటికల్లా ఒకటి తేల్చేస్తాను.

అక్టోబర్ 13, సోమవారం. సాయంత్రం 4:00

ఆరు తొమ్మిదయ్యాయి.

మమతారాణి వచ్చింది. ఇంటర్ నుంచి దోస్తు, ఎమ్మెస్సీలో కూడా నా క్లాసే. నేను సలహా అడగలేదు. పట్టికను మంచం మీద తెరిచిపెట్టి ఛాయ్ తేవడానికి వెళ్లాను, అంతే.

"గీటిల్ల కార్ల రేసు ఆడితె లాప్‌టాప్ గాదు, కాలి రొట్టెల పెంక అయితది," అంది. "నీ ఐతారం గంట గూడ పాయె!"

ఆలోచించాను. ఆటకు ఆగేది చదువుకు ఇంకా బాగా ఆగుతుంది కదా? రెండు కిలోలైనా పర్వాలేదు. బ్యాగులో ఇంకో అరకిలో పప్పు వేశాను.

అక్టోబర్ 16, గురువారం. మధ్యాహ్నం 1:15

రెండు కిలోల మూడు వందల గ్రాములు. మోయగలను.

అవ్వ గిన్నె చప్పుడయ్యేలా పెట్టింది. "నాలుగొద్దులాయె, పచ్చిపులుసే. ఇంట్ల పప్పు పొద్దుగాల బస్టాండుకు వోయి మాపటికి ఇంటికొస్తుంది. గిదేం సదువే?"

బాపు రెండుసార్లు పచ్చిపులుసు వేయించుకున్నాడు.

అక్టోబర్ 19, ఆదివారం

షాపుకు పోలేదు. కారణాలు:
- దీపావళి పనులు. (అవ్వ చేసింది. నేను చూశాను.)
- తలనొప్పి.
- రివ్యూ చెప్పేవాడు "ఆగండి, వచ్చే నెల కొత్తది వస్తోంది" అన్నాడు. ఆగాను.

అక్టోబర్ 23, గురువారం. సాయంత్రం 6:00

దొరికింది!! నల్లగా ఉంది. కీబోర్డు కింద ఎర్ర లైట్లు. రేసులో కారు వాన నీళ్లలో పోతే నీళ్లు కూడా కనిపిస్తాయట.

బరువు రెండు కిలోల ఆరు వందలు. ఛార్జర్ ఏడు వందలు. బ్యాగులో ఇప్పుడు మూడు కిలోల పప్పు, మూడు వందల గ్రాముల చక్కెర. ఇంట్లో డబ్బాలు ఖాళీ.

"ఒక్కదిక్కు వంగుతున్నవేందే?" అంది అవ్వ.

"స్టైల్ అవ్వా."

అక్టోబర్ 26, ఆదివారం. సాయంత్రం 5:00

కరీంనగర్ షాపు. నేను, బాపు.

బాపు మార్కెట్ యార్డులో కాంటా దగ్గర పత్తి తూకం వేస్తాడు. ఇరవై ఏళ్ల చెయ్యి. నల్ల లాప్‌టాప్‌ను అరచేతిలో పెట్టుకుని, "రెండు కిలోల ఆరు నూర్లు," అన్నాడు. షాపాయన డబ్బా మీద చూశాడు. అంతే ఉంది! పక్కనున్న సన్నటిది ఎత్తి, "కిలో మూడు నూర్లు," అన్నాడు. అదీ సరిపోయింది. షాపాయన హుషారుగా ప్రింటర్ తెచ్చాడు, స్పీకర్లు తెచ్చాడు, తన టిఫిన్ డబ్బా కూడా తెచ్చాడు. జనం మూగారు.

"బాపూ, నువ్వు నోరు తెరువనన్నవ్!"

"సలహా గాదు బిడ్డా. బరువే చెప్పిన."

నిజం చెప్పాలి. ఆ సన్నటిది నా చేతికి చక్కగా అమరింది. శపథానికి కూడా సరిపోతుంది. కానీ నల్లదాని ఎర్ర లైట్లు వెలిగాయి.

"ఇదే!" అన్నాను.

"పక్కానా?" అని అడిగాడు షాపాయన. బాపు పైకప్పు వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఇంటికి రాగానే రేసు మొదలుపెట్టాను. నీళ్లు నిజంగానే కనిపిస్తున్నాయి!

అక్టోబర్ 27, సోమవారం. ఉదయం 7:45, బస్సులో

మొదటి రోజు! పొద్దున లేచి ఇంకో రెండు రేసులు ఆడేసరికి ఆలస్యమైంది. తలుపు వెనక వేలాడుతున్న బ్యాగు భుజానికి తగిలించుకుని పరుగు. బరువు సరిగ్గా అంతే! ప్రాక్టీసు అంటే ఇది.

బాపు బండి మీద బస్టాండుకు దింపాడు. బస్సు ఎక్కాక బండి మీదున్న బ్యాగు తనే అందించాడు. అందిస్తూ ఆగాడు. నావైపు చూశాడు. నోరు తెరిచాడు, మూసుకున్నాడు. పాపం, ఏడుపు ఆపుకుంటున్నాడు. నాకూ కళ్లు చెమర్చాయి.

అదే రోజు. ఉదయం 11:20, ల్యాబు

గోపాల్ సార్ "లాప్‌టాప్‌లు తీయండి" అన్నారు.

జిప్పు తీశాను.

కందిపప్పు. మూడు కిలోలు.

లాప్‌టాప్ ఇంట్లో మంచం మీద ఛార్జింగ్‌లో ఉంది. మమతారాణి బల్ల మీద తల పెట్టి నవ్వుతోంది. గోపాల్ సార్ వచ్చి ఒక పలుకు నోట్లో వేసుకున్నారు.

"పప్పు మంచిగనే ఉంది. ఎన్ని జీబీలు?"

క్లాసంతా ఘొల్లుమంది. నేలలోకి కుంగిపోదామనుకున్నాను.

అదే రోజు. సాయంత్రం 6:40

"బాపూ, పొద్దుగాల నీకు తెల్వలేదా?"

"తెలిసింది. మిషిన్ అయితె చేతుల ఒక్కతీర్గ ఉంటది. పప్పు కదులుతది."

"మరి చెప్పొద్దా?"

"నోరు తెరువనన్న గద బిడ్డా."

కోపం వచ్చింది, నవ్వు వచ్చింది, చివరికి ఏడుపే వచ్చింది. మొదటిసారి నా అంతట నేను ఎంచుకున్న వస్తువు అది. మొదటి రోజే మంచం మీద మరిచిపోయాను. "ఇప్పుడు తెరువు బాపూ," అన్నాను.

బాపు ఛాయ్ గ్లాసు కింద పెట్టాడు. "యార్డుల బస్తా బరువెక్కువుంటె మేం సంబురపడం. నడుమ చెయ్యివెట్టి చూస్తం, నీళ్లు గొట్టిండ్రా అని. గీ మిషిన్ల సదువెంత, నీళ్లెంత?"

లెక్క వేశాను. నిన్నటి నుంచి రేసు ఐదు గంటలు. చదువు సున్నా.

"అంత నీళ్లే బాపూ."

"వాపస్ తీస్కుంటరా?"

"ఏడు రోజుల్ల మార్చిస్తమన్నరు."

"అయితె ఐతారం పోదాం. ఫికర్ జెయ్యకు. ఏరేది నువ్వే ఏరు. బరువు నేను జెప్త."

వంటింట్లో అవ్వ పప్పు తాలింపు వేసింది. ఆ వాసనకు ముగ్గురం కంచాల ముందు చేరాం.

అక్టోబర్ 28, మంగళవారం. ఉదయం 6:10

కొత్త పేజీ. కొత్త నేను!

శపథం:
1. బరువు కిలోన్నర దాటొద్దు. ఒక్క పప్పు పలుకు కూడా ఎక్కువ వద్దు.
2. ఎంచుకునేది నేనే. బాపు నోరు తెరవొచ్చు. (కళ్లద్దాల గురించి నేనూ తెరుస్తాను.)
3. నల్లది వాపసు ఇచ్చేదాకా ఆట బంద్.

6:25. వాపసు ఇచ్చే వస్తువు పనిచేస్తోందో లేదో చూసుకోవాలి కదా. ఒక్క రేసు.

7:50. బస్సు పోయింది.

వాకిట్లో బాపు బండి స్టార్ట్ చేసుకుని నిలబడ్డాడు. నోరు తెరవలేదు. హారన్ కొట్టాడు.

మూడో నంబరు శపథం రేపటి నుంచి.