పక్కకు జరిపితేనే కనిపించే వినాయకుడు

ప్రదీప్ అన్నకు,

నంద్యాలలో నాకు వెబ్ డిజైన్ నేర్పింది మీరే కాబట్టి, ఎవరో చెప్పకముందే నేనే చెబుతున్నాను. ఆళ్లగడ్డ శిల్పి మద్దిలేటి గారికి మీరు చేసిచ్చిన వెబ్‌సైట్‌ను పీకేశాను.

మీరు పేజీ మొత్తాన్నీ పట్టికలా టేబుల్ గళ్లతో కట్టి, పవళించిన వినాయకుడి ఫోటోను ముక్కలు చేసి వాటిలో పేర్చారు. కంప్యూటర్‌లో బాగానే ఉండేది. ఫోన్‌లో మాత్రం పొట్ట ఒక్కటే కనబడేది. తల కావాలంటే వేలితో పక్కకు జరపాలి. శిరివెళ్ల దగ్గరి ఒక గుడివాళ్లు అది చూసి, తలలేని దేవుడు మాకొద్దని ఫోన్ పెట్టేశారు.

ఇప్పుడు ఆ సైట్ చూసుకునేది నేనే కాబట్టి మద్దిలేటి గారు నా మీదికొచ్చారు. "మూడు నెలలు చెక్కినా ఆ తలకాయ. యాడ పెట్టినారమ్మా దాన్ని?"

మీకు ఫోన్ చేస్తే, "ఇరవై ఏండ్లుగా టేబుల్‌తోనే చేస్తాండా, ఏమన్నా చెడిందా?" అన్నారు. చెడలేదన్నా, లోకమే ఫోన్‌లోకి దూరింది. రెండు రోజులు కూర్చుని గ్రిడ్ అనే కొత్త పద్ధతిలో తిరగరాశాను. ఇప్పుడు తెర ఎంత చిన్నదైనా దేవుడు సర్దుకుంటాడు. గుడివాళ్లు ఆదివారం వచ్చి విగ్రహం ఖాయం చేసుకున్నారు.

విగ్రహాల ఎత్తు, బరువు రాసిన పట్టిక మాత్రం మీరు కట్టిన టేబులే. అందులో ఒక్క గీత కూడా మార్చలేదు. ఆ పనిలో మిమ్మల్ని మించినవాళ్లు లేరన్నా.

మీరు తిట్టినా మీ శిష్యురాలే