ఈ కారు కట్టిందెవరు?

షోలవరం, మద్రాసు దగ్గర
8 ఫిబ్రవరి 1962

ఎల్లేశానికి,

కారు క్షేమంగా చేరింది. పెద్దపల్లి స్టేషనులో నువ్వు గూడ్సు పెట్టెకు బిగించి కట్టిన తాళ్లు విప్పడానికి ఇక్కడి హమాలీలిద్దరికి గంట పట్టింది. కారు మీద ఒక్క గీత కూడా పడలేదు.

ఇక్కడి సంగతులు వివరంగా రాయమన్నావు కదా. యుద్ధకాలంలో విమానాల కోసం వేసిన కాంక్రీటు బాటనే రేసుకు వాడుతున్నారు. నేల గరుకు, టైర్లను నమిలేస్తుంది. బొంబాయి నుంచి రుస్తుంజీ అని ఒకతను వచ్చాడు, మిల్లు యజమాని కొడుకు. మూడు కార్లు, రెండు లారీలు, నీలం బట్టల్లో ఎనిమిది మంది మెకానిక్కులు. ఒక లారీ నిండా టైర్లే! ప్రాక్టీసు అయిపోగానే వాళ్లు విప్పి పక్కన పడేసే టైర్లు మనవాటికంటే కొత్తవి. మన కారు ఒక తాటిచెట్టు కింద ఉంది. తోడు నేనొక్కణ్ణే. స్పానరు పట్టేదీ నేనే, కారు తోసేదీ నేనే.

వాళ్లు చెడ్డవాళ్లేం కాదు. నిన్న మధ్యాహ్నం పిలిచి మరీ అన్నం పెట్టారు. కానీ వాళ్లు ప్రాక్టీసులో ముప్పై చుట్లు తిరిగితే నేను ఆరే తిరిగాను. ఇంకా తిరిగితే రేసు నాటికి టైర్లు మిగలవు. తిరగకపోతే మలుపులు అర్థం కావు. డబ్బున్న జట్టుకూ లేని జట్టుకూ తేడా ఇంజనులోనే ఉంటుందనుకున్నాను ఇన్నాళ్లూ. నేర్చుకోవడానికి కూడా డబ్బు కావాలని ఇక్కడికొచ్చాక తెలిసింది.

ఒక్క చోట మాత్రం మనదే పైచేయి. బాట చివరి మలుపు దగ్గర వాళ్ల ఎర్ర ఇటలీ కారు రెండు వందల గజాల ముందే బ్రేకు వేస్తోంది. నేను నూరు గజాల దాకా వేయడం లేదు. నువ్వు బ్రేకు డ్రమ్ములకు రంధ్రాలు పెట్టిన పుణ్యం, బ్రేకులు వేడెక్కడమే లేదు. వాళ్ల పెద్ద మెకానిక్కు డిసౌజా అని గోవా ముసలాయన, అది గమనించి వచ్చాడు. మన కారు కింద వెల్లకిలా పడుకొని చాలాసేపు చూశాడు. లేచి, "ఈ కారు కట్టిందెవరు?" అని అడిగాడు. ఏదో చెప్పి పంపించాను.

ఆదివారం రేసు.

జలపతిరావు


మద్రాసు
12 ఫిబ్రవరి 1962

ప్రియమైన ఎల్లేశం,

మూడో స్థానంలో వచ్చాం. పన్నెండు చుట్ల రేసులో ఏడో చుట్టుకల్లా ఎర్ర కారును మలుపు దగ్గర దాటేశాను. రెండు చుట్లు అందరికంటే ముందు మన జీపు చట్రం, మన పాత ఫోర్డు ఇంజను! జనం లేచి నిలబడి అరిచారు. తొమ్మిదో చుట్టులో వెనక టైరు అరిగి లోపలి గుడ్డ బయటపడింది. వేగం తగ్గించక తప్పలేదు, రెండు కార్లు దాటిపోయాయి. వాళ్లు పొద్దునే కొత్త టైర్లు వేసుకున్నారు. నేను ప్రాక్టీసులో అరిగిన వాటితోనే పోయాను.

ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నది మాత్రం అందుకు కాదు.

పెద్దపల్లి ప్లాట్‌ఫారం మీద నువ్వన్న మాట నాలుగు రోజులుగా నన్ను వదలడం లేదు. "దొరా, నేను సుత వస్తే మంచిగుంటుండె. గా బ్రేకులు నేను సూస్కోవాలె" అన్నావు. "టికెట్టుకు పైసలు లేవు, జర సమజ్ చేస్కో" అన్నాను. "ఫికర్ చెయ్యకుండ్రి దొరా, కారు మోసం చెయ్యది" అని నువ్వే నాకు ధైర్యం చెప్పావు.

ఎల్లేశం, ఆ రోజు నా జేబులో పైసలున్నాయి. మద్రాసు మిత్రుడొకడు ముందే హెచ్చరించాడు: పెద్ద జట్లు టైర్లనే కాదు, పనిమంతులను కూడా కొనుక్కుంటాయి, మేస్త్రీని వాళ్ల కంట పడనివ్వకు అని. నిన్ను తెస్తే పోగొట్టుకుంటానని భయపడ్డాను. డిసౌజా అడిగినప్పుడు కూడా ఆ భయంతోనే, "నేనే కట్టుకున్నాను" అన్నాను.

రేసు అయ్యాక ఆయన రుస్తుంజీని వెంటబెట్టుకొని వచ్చాడు. "డ్రమ్ము రంధ్రాలు నిలువుగా కాకుండా ఏటవాలుగా ఎందుకు తొలిచారు?" అని అడిగాడు. నాకు తెలియదు. అది ఇద్దరికీ అర్థమైపోయింది. ముసలాయన మెల్లగా, "సాబ్, చేసినవాడు ఎక్కడున్నాడో చెప్పండి. వాడికి సలాం చెప్పాలి" అన్నాడు. ఆయన గొంతులో ఎత్తిపొడుపు లేదు. నీ మీద గౌరవం మాత్రమే ఉంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నీ పేరు, ఊరు చెప్పాను. బెల్లంపల్లి గనిలో ఫిట్టరుగా చేసినవాడివని, చట్రం నుంచి స్టీరింగు దాకా ప్రతిదీ నీ చేతి పని అని చెప్పాను.

రుస్తుంజీ రాసిచ్చిన కాగితం దీంతో పంపుతున్నాను. బొంబాయిలో పని, నెలకు మూడు వందల యాభై, ఉండడానికి ఇల్లు. నువ్వు పోతే నా కారు ఆగిపోతుంది. అయినా పోవద్దనే నోరు నాకు లేదు. డబ్బున్న జట్టు మనల్ని తొక్కేస్తుందని కుమిలిపోయినవాణ్ణి, అదే పని నీకు నేను చేశాను.

నీ
జలపతిరావు


కరీంనగర్
20 ఫిబ్రవరి 1962

జలపతిరావు గారికి,

ఎల్లేశం నమస్కారాలు. తప్పులుంటే దిద్దుకొని చదవండి.

మీ ఉత్తరం శనివారం అందింది. టికెట్టు సంగతి చదివాక పని చేయలేకపోయాను. షెడ్డు మూసి ఇంటికి వచ్చాను. మా ఆవిడ సరోజనకు చదివి వినిపిస్తే చేస్తున్న పని ఆపి అన్నది: "నువ్వు పోతవని గాయన భయపడ్డడంటే నీ విలువ గాయనకు ఎర్కే. ఎర్కుండి దాసిండు. గదే నాకు మస్తు కోపం." నాకూ కోపమే వచ్చింది. మీరు డబ్బు లేక కాదు, నన్ను చూపించడం ఇష్టం లేక వదిలిపోయారు. రెండు రోజులు మీకు జవాబు రాయకూడదనే అనుకున్నాను.

మూడో రోజు సరోజనే మళ్లీ అడిగింది. "సింహం లెక్క గా ఎర్ర కారును దాటిండంట గదా, గది ఇంకోసారి సదువు" అన్నది. చదివాను. చదువుతుంటే నాకు ఒకటి తట్టింది. మలుపుకు నూరు గజాల దాకా మీరు బ్రేకు వేయలేదు. ఆ డ్రమ్ములు చేసినవాణ్ణి నేను. నేనైతే నూటయాభై దగ్గరే తొక్కేసేవాణ్ణి. నా పని మీద నాకు లేనంత నమ్మకం మీకుంది. ప్రాణం పెట్టి నమ్మారు. అలాంటి మనిషి అబద్ధమాడితే నొప్పి ఎక్కువ. కానీ నమ్మకం అబద్ధం కాదు.

నేను బొంబాయి పోతున్నాను. ఇది మీ మీద కోపంతో కాదు. పదేళ్లుగా పాత ఇనుప సామాను దుకాణాల్లో ఏరుకొచ్చిన ముక్కలతో కట్టాను. అన్నీ ఉన్న చోట నా చేతులు ఏం చేయగలవో నాకు చూడాలనుంది. సరోజన కూడా "పోదాం పా" అన్నది. షెడ్డు మల్లన్నకు అప్పగిస్తున్నాను. పనిమంతుడు, మీకు తెలిసినవాడే.

రంధ్రాల సంగతి ఇదీ. గనిలో గాలి పంకా రెక్కలు వంకరగా ఉంటాయి, తిరిగినకొద్దీ లోపలి వేడిగాలిని బయటికి లాగేస్తాయి. డ్రమ్ము కూడా తిరిగేదే కదా అనుకొని అలాగే తొలిచాను. కొలతలన్నీ వేసి బొమ్మ గీసి దీంతో పెట్టాను. బొంబాయి వాళ్లు ఎలాగూ నా దగ్గర నేర్చుకుంటారు. వాళ్లకు తెలిసింది మీకు తెలియకుండా ఉండకూడదు. టైర్లు నేను ఇయ్యలేను. ఇది మాత్రం ఇద్దరికీ సమానంగా ఇయ్యగలను.

వచ్చే ఏడు తప్పకుండా రండి. మల్లన్నను వెంట తెచ్చుకోండి. నేను రుస్తుంజీ కారు దగ్గర నిలబడి ఉంటాను. నన్ను చూసి మొగమాటపడి వేగం తగ్గించారో, రేసు అయ్యాక మీతో మాట్లాడను.

ఇట్లు
ఎల్లేశం, మోటారు మేస్త్రీ