రుచి చూడటం తిండి కాదు

వదినకు నమస్కారం.

మోకాళ్ల ఆపరేషన్ చేయాలంటే ముందు బరువు తగ్గి రమ్మన్నాడు డాక్టరు. మీరు చెప్పినట్టే కీరదోస ముక్కలు, ఉడికించిన క్యాబేజీ తప్ప కంచంలో మరొకటి పెట్టుకోవడం లేదు. అయినా బరువు మిషన్ మీద ముల్లు కదల్లేదు. దానికి మీరు ఫోనులో "చాటుగా ఏదో లాగిస్తున్నావు" అనేశారు. ఆ మాట గుచ్చుకుంది, అందుకే రాస్తున్నాను.

నేను తినను వదినా, రుచి చూస్తాను. క్యాంటీన్లో వంట మనిషికి అది తిండి కాదు, డ్యూటీ. ఉప్పు చూడకుండా గిన్నె దించితే ఆఫీసంతా నన్నే తిట్టుకుంటుంది. ఈమధ్య ఆ కీరదోస పుణ్యమా అని నాలుక చప్పబడి, ఒక గరిటెతో రుచి తేలడం లేదు. రెండోది వేసుకోవాల్సి వస్తోంది. తీపి అయితే చల్లారాక మళ్లీ చూడాలి. కూరగాయలు తరిగే ఆవిడ "నేను చూస్తాలే అక్కా" అంటుంది. ఆవిడకేం తెలుసు!

మొన్న పొయ్యిలు పాడై క్యాంటీన్ వారం మూసేశారు. ఇంట్లోనే ఉన్నాను. కీరదోస ముట్టుకోలేదు. మీ తమ్ముడు వండింది మూడు పూటలా కడుపునిండా తిన్నాను. కిలో తగ్గాను!

ఇక అనుమానమేముంది? నన్ను లావు చేస్తున్నది మీ కీరదోసే. ఆ సంగతి డాక్టరుకు మీరే చెప్పండి. నేను చెబితే నవ్వుతాడు.

మీ మరదలు