చొంగగుడ్డతో పాలడబ్బా

ఆహార తనిఖీ అధికారి గారికి,

అయ్యా,

విషయం: మా ఇంటి కింది మందుల దుకాణం యజమాని పసిపిల్లల పాలపొడిని నిబంధనలకు విరుద్ధంగా ఊరికే పంచిపెట్టి, మా అక్క బిడ్డను తల్లిపాలకు దూరం చేస్తున్నందున, తక్షణమే వచ్చి ఆపించవలసిందిగా.

ఈ అర్జీదారు సదరు దుకాణం పై అంతస్తులో అక్కాబావల దగ్గర ఉంటున్నవాడు. మీ శాఖవారి కరపత్రం ఆస్పత్రి బల్ల మీద దొరకగా దాన్ని కంఠతా పట్టినవాడు. పసిపిల్లల పాలపొడి మీద తగ్గింపు ఇవ్వరాదు, బహుమానం పెట్టరాదు, ఉచితంగా పంచరాదు, గుమ్మంలో పేర్చి ఆశపెట్టరాదు అని అందులో మీరే రాశారు. రాసినవారికి గుర్తుందో లేదో గానీ, చదివినవాడికి మాత్రం కడుపు మండుతోంది.

1. సదరు యజమాని మొదట డబ్బాలను గుమ్మానికెదురుగా కొండలా పేర్చి "సగం ధరకే" అని బోర్డు పెట్టాడు. నా మొదటి అర్జీ మీద మీ గుమాస్తా వచ్చి దాన్ని తీయించాడు. అందుకు కృతజ్ఞతలు. ఆయన వీధి మలుపు తిరిగాడో లేదో ఇంకో బోర్డు లేచింది: "చొంగగుడ్డ కొనండి, పాలడబ్బా ఉచితం." వెళ్ళి నిలదీశాను. యజమాని తాపీగా కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"పాలడబ్బా మీద తగ్గింపు ఇవ్వకూడదన్నావు. అసలు నేను డబ్బాలు అమ్మడమే మానేశాను నాయనా. గుడ్డలమ్ముకుని బతుకుతున్నాను."

"ఊరికే ఇవ్వడం కూడా తప్పేనండీ."

"నేనెక్కడ ఇస్తున్నాను? గుడ్డతో పాటు అదే వస్తోంది."

అయ్యా, ఆ గుడ్డ జానెడు. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటున్నది దానితోనే. రెండు అద్దాలకు చాలలేదు.

2. సదరు దుకాణంలో తెల్లకోటు తొడిగిన ఒక అమ్మాయిని నిలబెట్టారు. ఆమె నర్సు కాదు. మొన్నటిదాకా అక్కడే గోళ్ళరంగు అమ్మింది. మా అక్క బిడ్డనెత్తుకుని దూది కొనడానికి దిగితే, "మీకు పాలు పలచనైనట్టున్నాయక్కా, బాబు చూడండి ఎంత నీరసంగా ఉన్నాడో" అని డబ్బా చేతిలో పెట్టింది. బాబు అప్పుడు నిద్రపోతున్నాడు. నిద్రపోయేవాడు నీరసంగా కాక కుస్తీలు పడతాడా?

3. ఉచితం మొదటి డబ్బాకే. సీసా పాలతో కడుపు నిండినవాడు తల్లి దగ్గర తాగడు. వాడు తాగకపోతే ఆమెకు పాలు తగ్గుతాయి. డబ్బా అడుగంటేసరికి మా అక్కకు అదే జరిగింది. రెండో డబ్బాకు గుడ్డా లేదు, దయా లేదు, నిండు ధర. ధర్మం చేసినట్టు కనిపిస్తూ బేరం కుదుర్చుకోవడమంటే ఇదేనని తమరు గ్రహించగలరు.

మా అక్క నోరున్న మనిషి. నన్ను నాలుగు తిట్టందే అన్నం వడ్డించదు. అలాంటిది నిన్న బిడ్డ మొహం తిప్పుకుంటే, గోడవైపు తిరిగి కూర్చుని "వాడికి నేనక్కర్లేదురా" అంది. తిట్టలేదు.

ఇంకా ఏమీ మించిపోలేదని ఆస్పత్రి నర్సమ్మ అంటోంది. ప్రతిసారీ ముందు తల్లి దగ్గరే పట్టించాలని, తాను బరువు చూస్తూ ఉంటానని, డబ్బాపాలు మెల్లమెల్లగా తగ్గించవచ్చని ధైర్యం చెప్పింది. కానీ మా మెట్లు దుకాణం లోపలినుంచే ఎక్కాలి. నర్సమ్మ ఇచ్చిన ధైర్యం ఇల్లు చేరేలోపు తెల్లకోటు దాన్ని మెట్ల దగ్గరే లాక్కుంటోంది.

4. కొత్త బోర్డు లేచాక శాఖవారు మళ్ళీ కదలనందున ఈ అర్జీదారు స్వయంగా ఒక కరపత్రం వేయించాడు. "తల్లులారా, ఈ దుకాణంలో చొంగగుడ్డతో పాలడబ్బా ఊరికే ఇస్తున్నారు" అని పెద్ద అక్షరాల్లో, "మోసపోకండి" అని చివర. ప్రతి గోడకూ అంటించాను. తెల్లారేసరికి దుకాణం ముందు పెద్ద వరస. అందరి చేతుల్లోనూ నా కాగితమే. అది చూపిస్తేనే డబ్బా ఇస్తారనుకుని గోడలమీంచి చింపుకొచ్చారు. చింపడంలో చివరి మాట గోడకే ఉండిపోయింది. ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, "బాబూ, ఇంకో కాగితం ఉంటే ఇస్తావా? మా కోడలికి కవలలు" అన్నాడు. యజమాని నాకు టీ పంపించాడు. తాగలేదని మనవి.

5. ఈ అర్జీదారు పాలపొడికి శత్రువు కాడు. తల్లి లేని బిడ్డ ఉంటుంది, పాలు చాలని తల్లి ఉంటుంది. డాక్టరు చెబితే కొనుక్కోవలసిందే, అందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. అడిగినవారికి అమ్మమనండి. అడగనివారికి అంటగట్టొద్దనండి. నా గొడవంతా ఇంతే.

కావున బోర్డు దింపించి, గుడ్డను డబ్బానుంచి విడదీసి, ఆ అమ్మాయి చేత కోటు విప్పించి, డబ్బాలను గుమ్మంలోంచి లోపలి అరలకు ఎక్కించవలెను.

సోమవారం ఉదయం పది గంటలకు ఆ దుకాణం ముందు అందరం కలుస్తున్నాం. నర్సమ్మ వస్తానంది. వరసలో నిలబడ్డ తల్లులు సంగతంతా విని, ముందు నన్ను తిట్టి, తర్వాత యజమానిని తిట్టి, వస్తామన్నారు. పిల్లలను ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలోనే కూర్చుని పాలిస్తారట. సీసా పట్టే తల్లులకూ అక్కడ చోటుంది. ఈసారి కరపత్రం వేయలేదు, నోటితోనే చెప్పాను.

తమరు ఇది చిత్తగించి, కట్టలో కట్టి అటక మీద పారేయక, చెప్పులు తొడుక్కుని బయలుదేరవలెను.

తమకు విధేయుడు, ఆ యజమానికి మాత్రం కాడు,
పై అంతస్తు వాడు

తా.క.: పక్కగదిలోంచి అక్క ఇప్పుడే, "ఒరేయ్, ఆ కుర్చీ కిర్రుమనిపించకు, వాడు తాగుతున్నాడు" అని గుసగుసగా అంది. కాసేపు తాగి వదిలేశాడు. మళ్ళీ తనే వెతుక్కుని పట్టుకున్నాడు. ఇప్పుడు నన్ను ఆపకుండా తిడుతోంది, కానీ గొంతు పెంచడం లేదు. సోమవారం తానూ దిగుతుందట. తమరు సరిగ్గా పదింటికే రండి. ఆలస్యమైతే వాడు పడుకుంటాడు. పడుకున్నాక వచ్చి మీ బండి హారన్ మోగించారో, మూడో అర్జీ మా అక్క రాస్తుంది. అందులో అంకెలూ ఉండవు, మర్యాదా ఉండదు.